శామ్సన్ జేబులో తెర

కోతపండుగ ఆరాధనకు చర్చిలో అడుగు పెట్టగానే శామ్సన్ కళ్ళు గుమ్మానికి కట్టిన చెరుకుగడల మీద కాదు, బల్ల మీది నల్ల పెట్టె మీద పడ్డాయి. రెండు లాప్‌టాప్‌లను ఒకే ప్రొజెక్టరుకు కలిపే ఆ పెట్టె రెండేళ్ళుగా బీరువాలో మూలుగుతోంది. ఆరంగ్ ఊరి నుంచి వచ్చిన ప్రసంగీకుడు సొంత లాప్‌టాప్ తెచ్చుకున్నాడని, సంఘ కార్యదర్శి మోషే దాన్ని మళ్ళీ బయటికి తీయించాడు. శామ్సన్ చొక్కా జేబు ఒకసారి తడుముకుని చివరి బెంచీలో కూర్చున్నాడు. ఎన్నాళ్ళకో అతని కడుపు చల్లబడింది.

డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీలోని ఆ తెలుగు చర్చిలో సగం మందికి తెలుగు చదవడం రాదు. తాతలు కాకినాడ వైపు నుంచి ఈ హిందీ ఊరికి రైల్వే వ్యాగన్ల మరమ్మతు పనికి వచ్చారు, మనవలు హిందీ బడుల్లో చదివారు. నోటికి తెలుగు వచ్చు, కంటికి హిందీ అక్షరాలే తెలుసు. అందుకే ఎలక్ట్రీషియన్ శామ్సన్ డ్యూటీ దిగాక కూర్చుని, మూడు వందల తెలుగు పాటలను హిందీ అక్షరాల్లో టైపు చేశాడు. తెర వెలిగితే చర్చి అంతా పాడుతుంది. తెర ఆరితే పాటల పుస్తకాలున్న ముసలివాళ్ళే మిగులుతారు.

రెండేళ్ళ కిందట ఈస్టరు రోజున మోషే కొత్తగా ఈ పెట్టె తెచ్చాడు. ప్రసంగం అయ్యాక పాటలకు తిప్పితే తెర నల్లబడిపోయింది. శామ్సన్ తీగలు పీకి పెట్టాడు, లాప్‌టాప్ ఆపి వెలిగించాడు, చెమటలు కక్కాడు. మోషే మైకు అందుకున్నాడు.

"దేవుడి పనంటే నిర్లక్ష్యం ఉన్నవాడు ఆ బల్ల దగ్గర కూర్చోనక్కర్లేదు."

భార్య సుశీల ముందు, కూతురు కీర్తన ముందు, కాలనీ మొత్తం ముందు అన్నాడు. మరుసటి వారం ఆ కుర్చీలో మోషే మేనల్లుడు ఆకాష్ కూర్చున్నాడు. పాటలు మాత్రం శామ్సన్ టైపు చేసినవే. అవి పనికొచ్చాయి, మనిషే పనికిరాలేదు. అయినా శామ్సన్ చర్చి మానలేదు. ప్రతి ఆదివారం మోషే తన మొహం చూడాలని పట్టుబట్టి మరీ వచ్చాడు.

పోయినేడు ఒక ఆఫీసు మీటింగు హాల్లో వైరింగు పనికి వెళ్తే, అక్కడా తెర అచ్చం అలాగే నల్లబడింది. దేవేంద్ర నగర్ దుకాణం నుంచి వచ్చిన మెకానిక్ బొటనవేలంత ప్లగ్గులాంటి ముక్క తీసి, లాప్‌టాప్‌కీ తీగకీ మధ్య గుచ్చాడు. బొమ్మ వచ్చేసింది. శామ్సన్ గుచ్చి గుచ్చి అడిగితే అతను విడమరిచి చెప్పాడు. లాప్‌టాప్ ముందుగా తెరను అడుగుతుందట, నువ్వెవరు, నీ సైజెంత అని. పెట్టెను అటూ ఇటూ తిప్పేసరికి ఒక్కోసారి ఆ జవాబు అందదు. అందకపోతే అసలు తెరే లేదనుకుని బొమ్మ పంపడం మానేస్తుంది. ఈ ముక్క తెర తరఫున ఎప్పుడూ జవాబిస్తూ కూర్చుంటుంది.

అంటే ఆ రోజు తప్పు తనది కాదు. శామ్సన్ ఆ సాయంత్రమే అలాంటి ముక్క కొన్నాడు. మంచివాడైతే దాన్ని తీసుకెళ్ళి మోషే చేతిలో పెట్టేవాడు. శామ్సన్‌కు ఆ మంచితనం ఆ ఈస్టరుతోనే పోయింది. దాన్ని జేబులో వేసుకుని, పెట్టె మళ్ళీ ఎప్పుడు బయటికొస్తుందా అని కాచుకున్నాడు.

ప్రసంగం ముగిసింది. ఆకాష్ పెట్టె మీట నొక్కాడు. తెర నల్లబడింది.

గాయక బృందం ముందు నిలబడి పాట ఎత్తుకున్నది కీర్తనే. మొదటి చరణం నోటికొచ్చు కాబట్టి గట్టెక్కింది. రెండో చరణం దగ్గర ఆగిపోయింది. ఆమె వెనక పిల్లలంతా ఆగిపోయారు. ముసలి గొంతులు నాలుగు వణుకుతూ సాగాయి. పెట్టె పక్కన పెట్టి తీగ నేరుగా గుచ్చాలన్న ఆలోచన ఆ కంగారులో ఆకాష్‌కు రాలేదు. ఆ ఈస్టరు రోజున శామ్సన్‌కూ రాలేదు.

కీర్తన తలెత్తి తండ్రి కోసం చూసింది. ఆ ముక్కను ఇంట్లో ఆయన చేతిలో చూసింది, దేనికో అడిగి తెలుసుకుంది కూడా. శామ్సన్ జేబు మీద చెయ్యి వేసుకుని కిటికీ వైపు మొహం తిప్పుకున్నాడు.

మోషే చివరి బెంచీ దాకా నడిచి వచ్చాడు.

"శామ్సన్, కాస్త చూడయ్యా. అతిథుల ముందు పరువు పోతాంది."

"నేను నిర్లక్ష్యం మనిషిని గదండీ."

"అది అప్పటి మాట. జానే దో, వదిలెయ్."

"మైకులో అన్నారు. మైకులోనే వెనక్కి తీసుకోండి. అప్పుడు లేస్తాను."

మోషే అతన్ని తేరిపార చూశాడు. ముసలి గొంతులు కూడా ఆగిపోయాయి. ఇక చేసేది లేక వెనక్కి నడిచి మైకు పట్టుకున్నాడు.

"ఆ ఈస్టరు రోజున గల్తీ శామ్సన్‌ది కాదు. పెట్టె తెచ్చింది నేను. తెలీకుండా నోరు పారేసుకున్నాను."

శామ్సన్ లేచాడు. అవసరమైన దానికన్నా నెమ్మదిగా నడిచాడు. పాటల లాప్‌టాప్‌కు ముక్క తగిలించి, దానికి తీగ గుచ్చాడు. తెర వెలిగింది, అక్షరాలొచ్చాయి, చర్చి అందుకుంది. రెండేళ్ళు కాచుకున్న ఆ పగ నిజంగానే తియ్యగా ఉంది, అబద్ధమెందుకు. కీర్తన ఒక్కతే నోరు తెరవలేదు. ఆ తీపిలో అతనది గమనించలేదు.

ఆరాధన అయ్యాక అతను ముక్క పీకి జేబులో వేసుకున్నాడు.

"ఇక్కడే ఉండనీవయ్యా," అన్నాడు మోషే.

"నాదండి ఇది. పెట్టె వాడినప్పుడల్లా నన్ను మైకులో పిలవండి, తెస్తాను."

దారిలో సుశీల అంది, "బస్, నెగ్గావు కదా. ఇంకెందుకు?"

"ఆయన ఉన్నన్నాళ్ళూ పిలవాల."

ఇల్లు చేరగానే కీర్తన లోపలికెళ్ళి తెలుగు చదవడం వచ్చిన తల్లి పాటల పుస్తకం తెచ్చి ఆమె ఎదుట కూర్చుంది.

"అమ్మా, నాకు తెలుగు చదవడం నేర్పు."

"ఇప్పుడేంటే?"

"నేను పాట మధ్యలో నిలబడిపోతే నాన్న జేబు పట్టుకుని కూర్చున్నాడు. నాకొస్తే మిగతా పిల్లలకి నేను నేర్పుతాను. ఇంక తెర వెలిగినా మానినా మాకు ఫరక్ పడదు."

సుశీల భర్త వైపు చూడకుండా పుస్తకం తెరిచి, మొదటి అక్షరం మీద వేలు పెట్టింది. కీర్తన చిన్నపిల్లలా దాన్ని పైకి పలికింది. శామ్సన్ జేబులోంచి ముక్క బయటికి తీశాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక, గుమ్మంలోనే నిలబడిపోయాడు.