కవల తివాచీలు

ఆ పొద్దున కూడా జీపార్ ఆవుపాలు పితికి వచ్చి, టీకి నీళ్ళు పడేసి, తివాచీ మీద కొత్త మరకలేం పడ్డాయో చూద్దామని వెళ్ళింది. వాళ్ళమ్మ తాజీగుల్ అప్పటికే నడుం మీద చేతులు పెట్టుకుని అక్కడ నిలబడి ఉంది.

నారిన్ కొండల్లో షిర్దాక్ తివాచీ ఒంటరిగా పుట్టదు. అణగదొక్కిన ఉన్ని పలకలు ఎరుపొకటి, నలుపొకటి ఒకదాని మీదొకటి పరిచి, పొట్టేలు కొమ్ముల ముగ్గు గీసి, రెంటినీ ఒక్క కోతలో కోస్తారు. దీని ముక్క దాన్లో, దాని ముక్క దీన్లో పొదిగి కుడతారు. అందుకే ఒకదాని మీద పడిన మరకైనా, గుంటైనా కవలదాని మీదా తేలుతుంది. అందులో వింతేముందని ఎవరూ మాట్లాడుకోరు. మరక ఎలా వదిలించాలన్నదే అక్కడి ఆడవాళ్ళ బాధ.

జీపార్ రెండు చలికాలాలు కూర్చుని కుట్టిన జత అది. కోచ్కోర్ ఊరివాళ్ళు వచ్చి ఆమె చెవులకి కమ్మలు పెట్టి, సంబంధం ఖాయం చేసుకుని, ఆనవాయితీ ప్రకారం ఒకదాన్ని పెళ్ళికొడుకు ఎలామాన్ ఇంటికి పట్టుకెళ్ళారు. పన్నెండు రోజులైంది.

"చూడవే నీ కాబోయేవాడి నిర్వాకం," అంది తాజీగుల్. "మళ్ళీ అక్కడే ఒలకబోశాడు. పక్కన మోకాళ్ళ గుంటలు. నిలబడలేక పాకుతున్నాడు తాగుబోతు వెధవ. శుక్రవారం మీ మామయ్య అటు వెళ్తున్నాడు. కమ్మలు తీసివ్వు, తిప్పి పంపేస్తా."

ఎలామాన్‌ని జీపార్ చూసింది రెండుసార్లే. ఆ రెండుసార్లకే నచ్చాడు. వంగి మరక తడిమి, వేలు వాసన చూసింది.

"సారా కాదమ్మా. గొర్రెమాంసం చారు."

"చారు కూడా నోటికందనంత తాగాడన్నమాట."

"తాగినవాడు రోజుకోచోట పడతాడు. ఈ మోకాళ్ళు పన్నెండు రోజులుగా కదల్లేదు. పొద్దునోసారి, సాయంత్రమోసారి. ఇదిగో, ఇటు తడుము."

మోకాళ్ళ గుంటల ముందు ఉన్ని పొడుగ్గా, సన్నగా అణిగి ఉంది. ఎవరో పడుకున్న పక్క తాలూకు జాడ. మనిషి చిన్నపిల్లంత తేలిక. మరకలన్నీ తలవైపే.

తాజీగుల్‌కి అర్థమైంది. కోపం రెట్టింపైంది.

"వాడి నాయనమ్మే అయ్యుంటుంది. ముసలావిడ ఉందన్నారు గానీ, లేవలేని మనిషని మాటమాత్రం చెప్పలేదు చూడు. వాళ్ళక్కావలసింది కోడలు కాదు, ఆయా."

"ఆయా ఉన్నాడుగా," అంది జీపార్. "తాగించడం చేతకాక, తప్పు వైపు కూర్చుని ఒలకబోస్తున్నాడు గానీ, ఒక్క పూటా మానలేదు. దాచినందుకు వాళ్ళ పెద్దల్ని నువ్వు కడిగెయ్, నేను అడ్డురాను. కమ్మలు మాత్రం తియ్యను."

"చాకిరీతో నీ నడుం విరుగుతుందే."

జీపార్ ఆ పక్క జాడకి అవతలివైపు వెళ్ళి, తన గుంటలు అక్కడి తివాచీలోనూ తేలేలా ఒంటి బరువంతా మోపి మోకాళ్ళ మీద కూర్చుంది. టీ పొంగినా లేవలేదు. తాజీగుల్ గొణుక్కుంటూ తనే వెళ్ళి దింపింది.

సాయంత్రం తల్లీకూతుళ్ళిద్దరూ తివాచీ దగ్గరే కాపు కాశారు. చారు వేళైంది. పాత చోట మోకాళ్ళు దిగలేదు.

"భయపడి పారిపోయాడు," అంది తాజీగుల్.

అంతలో ఉన్ని మెల్లగా అణిగింది. అటు కాదు, ఇటు. జీపార్ గుంటల పక్కనే, వాటిని ఆనుకుని. ఆ పూట చుక్క కూడా ఒలకలేదు.

తాజీగుల్ ఆ గుంటల్ని వేళ్ళతో తడిమి చూసింది. తర్వాత తమ్ముడికి ఫోన్ చేసి, శుక్రవారం బండిలో తనకీ చోటుంచమంది. కమ్మలు రావడం లేదనీ, ముసలావిడకి ఒక గిన్నెడు చారు, ఆ ఇంటి పెద్దలకి నాలుగు చీవాట్లు తను స్వయంగా తెస్తున్నాననీ చెప్పింది.