స్వీడన్ సరసన డొక్కల పొయ్యి

మర్నాడు మధ్యాహ్నంలోగా చార్టు ఇవ్వకపోతే రాజమండ్రి ఎగ్జిబిషన్ జాబితాలో దుర్గాశ్రీ పేరుండదు. పాలకొల్లులో డిగ్రీ రెండో ఏడు చదువుతోంది ఆ పిల్ల. కట్టెలు, పిడకలు, చెరుకు పిప్పి లాంటివాటి నుంచి ఏ దేశం ఎంత శక్తి వాడుకుంటోందో చార్టు మీద గళ్ళు గీసింది. స్వీడన్, బ్రెజిల్, నేపాల్ అంకెలు లైబ్రరీ పుస్తకంలో దొరికాయి. సొంతూరి గడి మాత్రం తనే నింపాలి. ఇరవై ఇళ్ళు తిరిగితే అందరూ ఒకటే మాట. "మాకు గ్యాసేనమ్మా!"

"ఊరంతా పొగ కనిపిస్తోంటే ఇదేం లెక్కమ్మా?" అని లెక్చరర్ గారు కాగితం తిరిగిచ్చేశారు.

ఉస్సూరంటూ ఇంటికొచ్చేసరికి తల్లి సంపూర్ణమ్మ పెరట్లో కొబ్బరి డొక్కలు ఎగదోస్తూ అన్నం వండుతోంది.

"నువ్వు కూడా గ్యాసనే చెప్పావు కదే అమ్మా!"

"ఏం చెప్పమంటావే? పక్కింటి వీరమ్మొదిన అక్కడే నుంచుందాయె. సిలిండరొచ్చి ఏడాదైనా ఇంకా డొక్కలేనా అని దెప్పదూ?"

"స్వీడన్‌లో అంత డబ్బున్నోళ్ళే చెక్కముక్కలు మండిస్తారు. ఆ మంటతో కాగిన నీళ్ళు గొట్టాల్లో ఇళ్ళకి పంపించుకుంటారు. ఇదిగో చూడు!"

పుస్తకంలో బొమ్మ చూసింది సంపూర్ణమ్మ. రైస్ మిల్లు దగ్గర ఊక గుట్టంత ఎత్తున చెక్కముక్కలు, పక్కన కోటేసుకున్న దొర. వెంటనే గోడ మీంచి కేకేసింది.

"వీరమ్మొదినా! దొరలు కూడా పుల్లలేనంటండి!"

"అయితే రాసుకోమ్మా దుర్గా, మాది రోజుకి ఇరవై కేజీలు!"

"ఉండేది ఇద్దరు, ఇరవై కేజీలా? ఊరుకోండొదినా, మీరేమన్నా పెళ్ళివంటలు చేస్తున్నారేంటి?"

దుర్గాశ్రీకి నవ్వాగలేదు. నిన్న సున్నా, ఇవాళ ఇరవై. నోటిమాట నమ్మితే మళ్ళీ కాగితం వెనక్కొచ్చేస్తుంది. కొబ్బరికాయల కొట్లోంచి కాటా అడిగి తెచ్చింది. మర్నాడు తెల్లారగానే ఆరిళ్ళలో, పొయ్యి పక్కన ఆ రోజు వంటకని తీసిపెట్టిన డొక్కలూ మట్టలూ తూచింది. మనిషికి కేజీన్నర తేలింది. పుస్తకంలో స్వీడన్ అంకెని కట్టెల్లోకి మార్చి చూస్తే తలకి రోజుకి ఆరు కేజీలు దాటింది.

"మనకన్నా వాళ్ళే ఎక్కువ తగలేస్తున్నారన్నమాట!" అని సంపూర్ణమ్మ బుగ్గలు నొక్కుకుంది.

పన్నెండింటికల్లా చార్టు కాలేజీకి చేరింది.

"ఈసారి ఎవర్నడిగి రాశావమ్మా?"

"అడగలేదండి, తూచానండి."

లెక్చరర్ గారు కళ్ళజోడు సర్దుకుని, జాబితాలో ఆఖరి వరసలో దుర్గాశ్రీ పేరు రాశారు.