ఆగని చేతులు

నా నోటికి జడిసి మా వీధిలో కుక్కలు కూడా మొరగవు. అలాంటి నాకు ఆ వారంలో రెండుసార్లు మాట పడిపోయింది.

మా తమ్ముడికి పుట్టుకతో వినపడదు. సర్కారు ప్రెస్సులో బైండింగు పని. ఆనకట్టకు బీటలు పడ్డాయన్న రహస్య నివేదిక పేపర్లకెక్కితే, బయటపెట్టింది వీడేనని లాకప్‌లో వేశారు. బయటికొచ్చిందీ సగమే, తప్పంతా పాత మంత్రిదేనన్న సగం. బీటలు ఇంకా పూడ్చలేదన్న సగం ఎవరూ చూడలేదు.

మూడోరోజు మా కుట్టు దుకాణంలో మిషను ముందు కూర్చుని టీవీలో కొత్త మంత్రి ప్రెస్‌మీట్ చూస్తున్నాను. "ఆనకట్ట కొండలా ఉంది. కింది ఊళ్లవాళ్లు హాయిగా నిద్రపోండి" అన్నాడు. నీ నోట్లో మన్నుపడ! ఆయన పక్కనే ఒకమ్మాయి నిలబడి, వినపడనివాళ్ల కోసం ఆ మాటలన్నీ సైగల్లో చెబుతోంది. ఆయన ముగించి, మైకు ఆపి, నవ్వుతూ కార్యదర్శి వైపు వంగి ఏదో గొణిగాడు. టీవీలో మాట వినపడలేదు. ఆమె చేతులు మాత్రం ఆగలేదు.

తమ్ముడితో ముప్పయ్యేళ్లుగా సైగల్లో పోట్లాడుతున్నదాన్ని, నాకు తెలియదా? ఆ చేతులు చెప్పింది ఇది: "పేపర్లకు ఆ కాగితం ఇచ్చింది మనమేగా. చెవిటోడి మీదికి తోసేశాం, వాడేం చెప్పుకుంటాడు? బీటల సంగతి ఎన్నికలయ్యాక చూద్దాం."

మిషను ఆపేశాను. గొంతు పెగుల్చుకుని చెబితే, దుకాణంలో వాళ్లు "తమ్ముడి బెంగతో మతి పోయిందే నీకు" అన్నారు.

మర్నాడు స్టేషనుకు పరుగెత్తాను. వీధి నిండా జనం! రెండొందలమంది, అందరూ వినపడనివాళ్లే. ఎవరింట్లో వాళ్లు టీవీలో ఆ సైగలు చూసి, ఎవరికి వాళ్లు బయల్దేరి వచ్చారట. నినాదం లేదు, అరుపు లేదు. గోల చేయొద్దని చెప్పడమే అలవాటైన పోలీసులకు ఏం చెప్పాలో తోచలేదు. చేతులన్నీ ఒక్కసారిగా లేచి ఒకే మాట అన్నాయి: "వదలండి." నోరు పెగలక నేనూ చేతులెత్తాను. అమ్మో, అంత నిశ్శబ్దం నేనెన్నడూ చూడలేదు.

సాయంత్రానికి, ప్రెస్‌మీట్‌లో రికార్డు చేయడానికని ఒక విలేకరి మంత్రి ముందు పెట్టిన ఫోనులో ఆ గొణుగుడు దొరికింది. చేతులు చెప్పినదాంట్లో ఒక్క పొల్లు పోలేదు. మంత్రి కుర్చీ దిగాడు. కింది ఊళ్లు ఖాళీ చేయించారు. తమ్ముడు ఇంటికొచ్చాడు.

విచారణలో ఆ సైగల అమ్మాయి, "చెవిన పడ్డదల్లా చేతికొచ్చేస్తుందండీ, అలవాటు. మైకు ఆపింది గమనించలేదు" అంది. పొరపాటని రాసుకుని, మందలించి వదిలేశారు.

నేను వాళ్లింటికెళ్లి దండం పెట్టాను. "దేవుడే నీచేత ఆ పొరపాటు చేయించాడు తల్లీ" అన్నాను.

ఆమె లేచి తలుపు దగ్గరగా వేసింది. ఇప్పుడామె ఆ ఉద్యోగంలో లేదు కాబట్టి చెబుతున్నాను.

"మైకు లైటు ఆరడం చూశానక్కా" అంది. "అది చూశాకే, చేతులు దించకూడదనుకున్నాను."