యాభై బిళ్ళల లైట్‌హౌస్

మా చంటి వేటకి వెళ్తూ ఫోన్ నా చేతిలో పెట్టాడు. కిందటిసారి వాడి ఫోన్ వలతో పాటు సముద్రంలోకి జారిపోయింది. అప్పటినుంచి బోటు మీదకి తీసుకెళ్ళడు.

"అమ్మా, రోజూ పొద్దున్న ఈ పెట్టె మీద ఒక్కసారి నొక్కు. రెండు ఉక్కు బిళ్ళలు ఒస్తాయి. ఇంకేటీ ముట్టుకోకు."

"ముట్టుకుంటే ఏటవుద్ది? పేలిపోద్దా?"

"నాను పేలిపోతాను."

వాడు ఆడే ఆటలో ఒక దీవి, దాని మీద ఒక ఫిరంగి, ఒక కోట గోడ, చుట్టూ సముద్రం. ఏది పెంచాలన్నా ఉక్కు బిళ్ళలే కావాలి. మా విశాఖలో ఎటు చూసినా ఉక్కే. రైలు గేటు పడిందంటే ఉక్కు చుట్టల వ్యాగన్లు వెళ్తూనే ఉంటాయి, నిలబడ్డ మన కాళ్ళు లాగేస్తాయి. ఆ ఆట కట్టినవాడి దగ్గర మాత్రం ఏం కరువొచ్చిందో, రోజుకి రెండు బిళ్ళలు విదిల్చి మళ్ళీ రేపు రమ్మంటాడు.

చంటి దగ్గర నలభై ఎనిమిది ఉన్నాయి. అరవై అయితే ఫిరంగి తొమ్మిదో లెవెల్‌కి వెళ్తుంది. ఆరు రోజుల వేట, వాడు వచ్చేసరికి సరిగ్గా అరవై. ఎదురింటి వీరేంద్రది కూడా అదే బోటు, అదే ఆట, అదే ఆత్రం. ఆదివారం ఇద్దరి దీవులకీ యుద్ధం. ఓడినవాడు నెలంతా బోటు అడుగున చేపలు దాచే గది ఒక్కడే కడగాలని పందెం. ఆ గదిలోకి దిగితే వాసనకి కళ్ళు తిరుగుతాయట. మా వాడు అందులో పడిపోయి, అది తెలియక పైనుంచి ఎవరైనా మూత వేసేసి... అంతవరకూ ఆలోచించి ఆపేశాను.

రెండు రోజులు చెప్పినట్టే చేశాను. మూడో రోజు మబ్బు పట్టింది. పోర్టులో మూడో నంబరు గాలివాన హెచ్చరిక ఎగరేశారు. బోటు యజమాని వైర్‌లెస్‌లో పిలిస్తే గరగర తప్ప జవాబు లేదు. రేంజి లేదు, అంతే అన్నారు అందరూ. నాకు మాత్రం బోటు తిరగబడినట్టూ, వీడు మునిగిపోతూ కూడా కొత్త చెప్పుల కోసం వెతుక్కుంటున్నట్టూ కనిపించింది. వాడి బుద్ధి అలాంటిది.

ఏం చేయాలో తోచక ఫోన్ తీశాను. పెట్టె నొక్కితే యాభై నాలుగయ్యాయి. అప్పుడు చూశాను, దీవి పక్కన చిన్న బోటు ఒకటి చీకట్లో తిరుగుతోంది. ఒడ్డున లైట్‌హౌస్ ఉంది గానీ ఒకటో లెవెల్‌లోనే, అగ్గిపుల్లంత వెలుతురు. ఫిరంగేమో ఎనిమిది లెవెళ్ళు ఎక్కి కూర్చుంది. అది ఆట అని నాకు తెలుసు. ఏడో తరగతి చదివాను, ఆ మాత్రం తెలుస్తుంది. అయినా వేలు దాని మీదకే వెళ్ళింది. పది బిళ్ళలు తీసుకుని కాస్త వెలిగింది. ఇంకో పదిహేను. తర్వాత ఇరవై ఐదు. దీవంతా పెళ్ళిపందిరిలా వెలిగింది. చిన్న బోటు స్పష్టంగా కనిపించింది. నా గుండె కుదుటపడింది.

తర్వాత మూలనున్న అంకె చూశాను. నాలుగు.

వెనక్కి తీసుకునే బటన్ కోసం అంతా వెతికాను. లేదు. వాడు సముద్రం నుంచి ప్రాణాలతో వచ్చినా, వచ్చాక నా ప్రాణాలుండవు. పైగా నెలరోజులు ఆ గది.

ఎదురింటికి వెళ్ళాను. వీరేంద్ర తల్లి సూర్యకళ, మబ్బు చూసి ఆరబెట్టిన చేపలు బుట్టకెత్తుకుంటోంది.

"ఏటొదినా, మొకం అలగుంది?"

"మూడో నంబరు ఇంకా దించలేదు కదా. మావోడి దీవిలో లైట్‌హౌస్ పెంచీసేను. మీవోడిది ఎలగుందో."

"నన్ను ముట్టుకోవద్దన్నాడు. యాభై ఆరున్నాయి మావోడికి," అంది గర్వంగా.

"ఉంచుకో, మంచిదే. అమ్మ దగ్గర యాభై ఆరుండి కూడా దీపం పెట్టలేదని మీవోడు అనుకోడులే. ఆడు మంచోడు."

సూర్యకళ బుట్ట కింద పెట్టింది. "ఆట కదొదినా అది."

"నాకు తెల్దా. ఆటే."

ఆమె లోపలికెళ్ళి కొడుకు వదిలెళ్ళిన ఫోన్ తెచ్చుకుంది. "ఇక్కడేనా నొక్కడం?" అని అడిగితే "అక్కడేనేమో" అన్నాను. నొక్కింది తనే. సగం నిజంగా భయపడే చెప్పాను. మిగతా సగం గురించి నన్ను అడగొద్దు.

సాయంత్రం బోట్లన్నీ పూడిమడక దగ్గర లంగరేసి క్షేమంగా ఉన్నాయని కబురొచ్చింది. సూర్యకళ నా వైపు చూసింది. నేను మబ్బుల వైపు చూశాను.

ఆరో రోజు చంటి వచ్చాడు. స్నానమైనా చేయకుండా ఫోన్ తెరిచాడు.

"అమ్మా, యాభై బిళ్ళలు లైట్‌హౌస్‌కి ఎట్టీసేవా?"

"మూడో నంబరు ఎగరేసేర్రా."

"అది ఎందుకూ పనికిరాదే. అందానికెట్టేరు."

"అందంగానే ఉంది కదా."

వాడు తల పట్టుకున్నాడు. అంతలో ఎదురింట్లోంచి వీరేంద్ర గొంతు వినిపించింది. "అమ్మా, ఏటి సేసేవే ఇది." చంటి తలెత్తి అటు చూశాడు, నన్ను చూశాడు, గబగబా ఫోన్‌లో వీరేంద్ర దీవి తెరిచాడు. అక్కడా పెళ్ళిపందిరే.

"సూర్యకళత్త కూడా ఎట్టిందేటి?"

"పాపం, కొడుకు మీద బెంగ కదరా."

"ఆ బెంగ ఆవిడకి ఎవలెట్టేరు?"

నేను పొయ్యి మీద పులుసు కలుపుతూ ఉండిపోయాను.

ఆదివారం ఇద్దరూ పాత ఫిరంగులతోనే గంటన్నర కొట్టుకున్నారు. ఎవరూ ఓడలేదు, రెండు ఫోన్ల ఛార్జింగూ అయిపోయింది. గది ఇద్దరూ కలిసి కడగమని బోటువాళ్ళు తీర్పు చెప్పారు. "మీ అమ్మ సలవ, బావా," అంటూ వీరేంద్ర చీపురు మా వాడి చేతిలో పెట్టాడట.

మొన్న మళ్ళీ వేటకి బయల్దేరుతూ చంటి ఫోన్ నాకే ఇచ్చాడు. తాళం వేస్తాడనుకున్నాను, వేయలేదు. గుమ్మం దాటినవాడు వెనక్కి వచ్చి గొంతు తగ్గించాడు.

"ఈసారి అత్తకి కోట గోడ గురించి సెప్పు. సునామీ ఒస్తాదేమోనని సెప్పు."

"సునామీయేట్రా," అన్నాను. వాడు నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

వాడు వీధి మలుపు తిరిగేవరకూ చూసి ఫోన్ తెరిచాను. మా గోడ ఇంకా రెండో లెవెల్‌లోనే ఉంది.