రాలని గవ్వ

రోజూ పొద్దున్నే కోకో తాగాక లెయాటా చేసే మొదటి పని చాప దులపడం. చాప కింద సీమపనస ఆకుల ముక్కలు, కోడి ఈకలు, వాటితోపాటు ముందురోజు ఆమె నుంచి రాలిన గవ్వలు ఉంటాయి. చెత్త ఊడ్చి పారేసి, గవ్వల్ని మాత్రం ఏరి బిస్కెట్ల డబ్బాలో వేస్తుంది.

అరవై దాటిన దగ్గర్నుంచీ అంతే. ఏదైనా మర్చిపోతే ఆమె చెవి వెనకనుంచి చిన్న తెల్లగవ్వ ఒకటి టప్పున రాలుతుంది. దాన్ని చెవికి ఆనించుకుంటే పోయిన సంగతి మళ్ళీ వినిపిస్తుంది. విన్నాక గవ్వ ఉప్పుగల్లులా చేతిలోనే కరిగిపోతుంది. సవాయి దీవిలో ఆ పక్క ఊళ్ళన్నిటికీ ఇది అలవాటే. చర్చిలో పక్కనున్నావిడ పాట ఆపకుండానే ఏరి చేతిలో పెడుతుంది. బస్సు డ్రైవరైతే బండి ఆపి మరీ కేకేస్తాడు, "రేడియోమ్మా, మీ గవ్వ!" అని. ముప్ఫై ఏళ్ళు రేడియోలో పనిచేసి, ఊరూరా తిరిగి ముసలివాళ్ళ మాటలు రికార్డు చేసింది కదా, అందుకని ఆ పేరు.

రాలినవన్నీ ఆమె వినదు. అక్కరపడినవే వింటుంది. మిగతావి డబ్బాలో ఉంటాయి, ఎక్కడికెళ్ళినా ఆ డబ్బా సంచీలో వెంట ఉంటుంది. డబ్బా ఏటికేడాది బరువెక్కుతోందని ఆమెకి లోపల భయం. ఆ భయం ఎవరికీ చెప్పదు.

ఆ శుక్రవారం సంచీ తీసి చూస్తే, ఆ రికార్డింగులన్నీ దాచిన హార్డ్ డిస్క్ ఉంది, దాని కేబుల్ లేదు.

సంచీ బోర్లించింది. పెట్టె తీసింది. చాపలన్నీ ఎత్తి చూసింది. గోడల్లేని ఇల్లు, స్తంభాల మధ్య దాక్కోవడానికి చోటెక్కడుంది?

"మర్చిపోయుంటావులే అత్తా," అన్నాడు ఎతువాలె, కోకోలో బిస్కెట్టు ముంచుకుంటూ. ఆమె అన్న కొడుకు. అన్న ఫాలానికో పోయి ఏడాదవుతోంది. "నిన్న ఎక్కడో పెట్టి ఉంటావు."

"మర్చిపోతే గవ్వేదిరా?"

"దొర్లిపోయుంటుంది. పందులు మింగాయేమో."

"నిన్న నాలుగు గవ్వలు రాలాయి. నాలుగూ చాప కింద దొరికాయి, పొద్దున్నే విన్నాను కూడా. పాస్టరుగారి భార్యకి మందు పేరు, ఉప్పు డబ్బా, మన నల్లకోడి, మంగళవారం. అందులో కేబుల్ లేదు."

"అయితే ఇది తీసుకెళ్ళు." జేబులోంచి కొత్త ఫోను వైరు తీసి ఇచ్చాడు. "ఇదీ దాంట్లో దూరుతుంది. అన్నీ ఒకటే అత్తా. ఈ వయసులో నువ్వు ఊరికే ఆందోళన పడతావు."

ఈ వయసులో. ఆ మాటకి ఆమె ఒళ్ళు మండింది. కానీ పోట్లాడేందుకు వేళ లేదు. ఎనిమిదింటి బస్సు దాటిపోతే భూముల ఆఫీసుకి వేళకి చేరలేదు. సాయంత్రం నాలుగింటిలోగా అభ్యంతరం దాఖలు చెయ్యకపోతే, నీటిమడుగు పక్కనున్న కుటుంబం నేల అరవై ఏళ్ళపాటు హోటలువాళ్ళకి కౌలుకి పోతుంది. కౌలు కాగితం మీద సంతకం పెట్టింది ఈ బిస్కెట్టు తింటున్న ఎతువాలే. ఆ నేల ఎవరిదో, ఎవరు ఇవ్వకూడదో ఫాలానికో బతికుండగా తన నోటితో చెప్పాడు. ఆ గొంతు ఈ డిస్కులో ఉంది. ఇంకెక్కడా లేదు.

ఆఫీసులో ఫువాతినో అనే గుమాస్తా ఉంది. నలభై ఏళ్ళ మనిషి, ముక్కుసూటిగా మాట్లాడుతుంది. వైరు తగిలించి, కంప్యూటర్ వంక చూసి పెదవి విరిచింది.

"తొమ్మిది గంటలు పడుతుందంటోంది పిన్నీ."

"ఇప్పుడు పదయింది!"

"నాకూ గడియారం ఉంది. నాలుగు కొట్టగానే తాళం వేస్తాను."

"మా అన్న మాట్లాడిన ముక్క ఒక్కటే దించుకోవచ్చు కదా."

"ముక్క కోసి ఇస్తే, కోసింది మీరేనంటారు అవతలివాళ్ళు. డిస్కులో ఉన్నదంతా దిగాలి, అది రూలు. లేదా డిస్కు ఇక్కడే వదిలి వెళ్ళండి."

"నా ప్రాణం వదిలి వెళ్ళమను, వదులుతాను. ఇది వదలను."

ఫువాతినో డిస్కుని తిప్పి చూసింది. "ఇదిగో, ఇక్కడ చూడండి. దీని నోట్లో రెండు గదులున్నాయి. మీ వైరు ఒక గదిలోనే దూరింది. రెండోది ఖాళీగా నోరు తెరుచుకుని ఉంది. సగం నోటితో ఎంత మింగుతుంది? దీనితో వచ్చిన అసలు కేబుల్ ఎలా ఉంటుందో గుర్తుందా?"

"గుర్తు లేకేం? దాని తల ఇట్లా..." లెయాటా చెయ్యి గాల్లోకి ఎత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. టప్పున గవ్వ రాలి బల్ల మీద గిర్రున తిరిగింది.

ఫువాతినో దాన్ని వేలితో ఆపి అందించింది. లెయాటా చెవికి పెట్టుకుంది. రేడియోలో తనతో పనిచేసిన ఇంజనీరు గొంతు, ఆ డిస్కు చేతిలో పెట్టిన రోజు చెప్పిన మాటలు: 'ఒక పక్క తల వెడల్పుగా, మధ్యలో నొక్కుతో జంటగా ఉంటుందక్కా. రెండో పక్క నోట్లో నీలం నాలుక. పొడుగుది కొనకు, మూరకి మించితే మందగిస్తుంది. పారేసుకుంటావు, గుర్తు కట్టుకో.' అప్పుడే తను ఎర్ర ఊలు దారం ముడేసింది.

గవ్వ కరిగింది. "ఎర్ర దారం," అంది లెయాటా పళ్ళు బిగించి. "కట్టుకున్నాను. పారేసుకోలేదు."

బజారు చివర సెమో కొట్టుంది. ఫోన్లు, చేపల గాలాలు, ప్లాస్టిక్ పూలదండలు అన్నీ అమ్ముతాడు.

"హార్డ్ డిస్కుకి కేబుల్ కావాలి. త్వరగా పనిచేసేది."

"అన్నీ త్వరగానే పనిచేస్తాయి పెద్దమ్మా. ఇది చూడండి, బంగారు జరీ అల్లిక. మూడు మీటర్లు!"

"పూలజడ వేసుకోవడానికా? నోరు చూపించు."

"నోరా?"

"నీది కాదు, దానిది." చూసింది. సన్నటి ఫోను నోరు. "ఇది వద్దు."

"ఇది తీసుకోండి, దీని మీద మెరుపు బొమ్మ ఉంది. మెరుపంటే వేగం కదా."

"అది ఫోన్లో కరెంటు నింపే వేగం. పాటలూ మాటలూ మోసే వేగం వేరు. ముప్ఫై ఏళ్ళు వైర్ల మధ్య బతికానురా, నాకు చెప్పకు."

"మీరు కొంచెం కోపంలో ఉన్నట్టున్నారు పెద్దమ్మా."

"కొంచెమా!"

గంటన్నర వెతికించింది. గాలాల డబ్బాలు కూడా తీయించింది. సెమో చెమటలు కక్కుతూ చివరికి బల్ల కింద నుంచి పాత సామాన్ల బుట్ట లాగాడు. దాని అడుగున పొట్టిగా, నల్లగా, వెడల్పు తలతో, నీలం నాలుకతో ఒకటుంది. మెడలో ఎర్ర ఊలు దారం.

లెయాటా ఆ దారం పట్టుకుని అతని మొహంలోకి చూసింది. ఆ చూపుకే సెమో భయపడ్డాడు.

"నేనేం చెయ్యలేదు పెద్దమ్మా! నిన్న సాయంత్రం మీ ఎతువాలె తెచ్చాడు. ఇంట్లో అక్కర్లేదు, దీనికి బదులు ఫోను వైరు ఇమ్మన్నాడు. ఇచ్చాను. తీసుకెళ్ళండి, ఊరికే తీసుకెళ్ళండి."

అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకి. నా కేబుల్ ఇచ్చి కొన్న వైరునే పొద్దున నాకు దయతలచి ఇచ్చాడా! పైగా నేనే మర్చిపోయానన్నాడు. దొంగతనమైతే ఒక తప్పు. నా బుర్ర మీదే తోసేశాడే. ఇకమీదట ఏది పోయినా ముసలిదాని మతిమరుపే. ఏ దొంగకైనా నేనే చాటు.

ఎండలో, నల్లరాతి రోడ్డు మీద దాదాపు పరిగెత్తింది.

ఫువాతినో తగిలించింది. ఈసారి రెండు గదులూ నిండాయి. "రెండున్నర గంటలు," అంది, మొదటిసారి నవ్వుతూ. అప్పటికి పన్నెండున్నర.

లెయాటా బల్ల ముందు నుంచి కదల్లేదు. తెర మీద ఆకుపచ్చ గీత పొడుగవుతుంటే, కాపలా కుక్కలా దాన్నే చూస్తూ కూర్చుంది.

మూడు దాటగానే గీత చివరికంటా నిండింది. సరిగ్గా అప్పుడే ఎతువాలె వచ్చాడు, కొత్త పూలచొక్కాతో. "అత్తా, నీకెందుకీ అగచాట్లు? పద, ఇంటికెళ్దాం..." బల్ల మీద ఎర్ర దారం చూశాడు.

"కూర్చో," అంది ఫువాతినో. "మీ నాన్న మాట్లాడతాడు."

ఫాలానికో గొంతు వచ్చింది. వెనక సముద్రం, కోళ్ళు, ఎవరో కొబ్బరి కోరుతున్న చప్పుడు.

'మడుగు పక్క నేల మా ఇంటి ఆడపడుచులది. కౌలుకిచ్చే హక్కు నాకు లేదు, నా కొడుక్కీ లేదు. నా తర్వాత ఆ నేల మీద ఎవరెవరుండాలో నా చెల్లెలు లెయాటా పేర్లు చెబుతుంది. మా ఇంట్లో మేనత్త నోట రాని పేరు చాప మీద కూర్చోదు, దానికి వాటా లేదు. ఎప్పుడూ అంతే.'

ఎతువాలె తలవంచుకున్నాడు. ఫువాతినో కౌలు కాగితం మీద అభ్యంతరం ఉందని ముద్ర గుద్ది పక్కకి తోసి, ఇంకో కాగితం ముందుకు లాక్కుంది.

"పేర్లు చెప్పండి పిన్నీ."

"లాంగి. మా అన్న పెద్దకూతురు. తర్వాత దాని చెల్లెలు తౌవేలా. తర్వాత వాళ్ళ పిల్లలు నలుగురూ..." ఒక్కొక్కరినీ చెప్పింది, ఎక్కడా తడబడలేదు. ఫువాతినో రాసింది.

"ఇంకొకరు మిగిలారు," అంది గుమాస్తా, కలంతో చూపిస్తూ. "ఈయన."

లెయాటా అతని వైపు తిరిగింది. పూలచొక్కా చూసింది. మొహం చూసింది. పెదవులు కదిలాయి.

టప్పున గవ్వ రాలింది.

నేల మీద దొర్లుతూ వెళ్ళి అతని చెప్పు దగ్గర ఆగింది. గదిలో ముగ్గురూ చూశారు. ఎతువాలె వంగి తీశాడు. రెండు చేతులతో అందించాడు.

"అత్తా... ఇదిగో. చెవి దగ్గర పెట్టుకో. ఒక్కసారి."

ఆమె తీసుకుంది. అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసింది. తర్వాత సంచీలోంచి బిస్కెట్ల డబ్బా తీసి, అందులో వేసి, మూత గట్టిగా నొక్కింది.

"దొరికినందుకు సంతోషం నాయనా," అంది అపరిచితులతో మాట్లాడే మర్యాదతో. "ఎవరింటి అబ్బాయివో గాని, మంచివాడిలా ఉన్నావు."

ఫువాతినో చివరి పేరు కింద అడ్డగీత గీసింది. గోడ గడియారం నాలుగు కొట్టింది. లెయాటా కేబుల్ జాగ్రత్తగా చుట్టి, ఎర్ర దారంతో మరో ముడి వేసింది.