అందరికీ అర్థమైన పాఠం

మా బీఎడ్ కాలేజీలో పరిశోధన అంటే బస్టాండు ఎదురుగా ఉన్న జిరాక్స్ సెంటర్‌కు వెళ్లడం. విద్యారంగంలో వర్తమాన సమస్యల మీద ప్రతి విద్యార్థీ సొంతంగా ఒక పరిశోధన చేసి చూపించాలని సిలబస్‌లో ఉంది. ఆ సిలబస్ రాసినవాళ్లు నల్లగొండ ఎప్పుడూ వచ్చినట్టు లేరు. జిరాక్స్ సెంటర్ ఎల్లస్వామి దగ్గర ఏళ్ల తరబడి నలిగిన పరిశోధనలు కొన్ని తయారుగా ఉంటాయి. మన పేరు చెబితే అట్ట మార్చి, స్పైరల్ బైండింగ్ చేసి చేతిలో పెడతాడు. నేను బడి మానేసే పిల్లల మీద ఉన్నది తీసుకున్నాను. మాది కోస్గి, అట్ట మీద ఆ ఊరి పేరే వేయించాను. లోపల పరిశోధన జరిగిన ఊరు మాత్రం ఆదిలాబాద్ అవతల ఎక్కడో ఉంది. ఎవరు చదువుతారులే అని ఆ ఊరిని అక్కడే ఉండనిచ్చాను.

నా రూమ్మేట్ గ్లోరీ మాత్రం తన పరిశోధన తనే చేస్తానంది. మోత్కూర్ పిల్ల. వాళ్ల బాపు డానియల్ మేస్త్రీ పని చేస్తాడు. ఆ ఇంట్లో కాలేజీ మెట్లు ఎక్కిన మొదటి మనిషి తనే కాబట్టి, ఎప్పుడు టీచరవుతుందా అని చుట్టాలంతా కాచుకుని ఉన్నారు. పరిశోధన మీద, ప్రాక్టీసు పాఠాల రికార్డు మీద గైడ్ సంతకం లేకపోతే పరీక్ష రాయనివ్వరు. పరీక్ష రాయకపోతే ఉద్యోగం మాటే లేదు. ఇంత తెలిసీ బుద్ధిగా ఎల్లస్వామి దగ్గరికి పోకుండా ఈ పట్టుదల ఏమిటని నాకు ఒళ్లు మండింది. ఆ మాట మొహం మీదే చెప్పాను. వింటే గ్లోరీ ఎందుకవుతుంది?

తను తీసుకున్న సమస్య చాలా చిన్నది. పాఠం చెప్పాక టీచరు "అర్థమైందా" అంటారు. పిల్లలంతా "అర్థమైంది టీచర్" అని రాగం తీస్తారు. అందులో నిజమెంత? అంతే. మా గైడ్ గుర్వయ్య సార్ విని, మంచి అంశమని తల ఊపి, ఆ వెంటనే మరిచిపోయారు. ఆయన పాఠాలు ఎలా చెప్పాలో మాకు పాఠం చెబుతారు. జుట్టు నెరిసేదాకా అదే పని. నాలుగు మాటలకొకసారి "అర్థమైందా" అంటారు. మేం "అర్థమైంది సార్" అంటాం. పైన ఫ్యాను చప్పుడు ఎలాగో క్లాసులో అదీ అలాగే, ఎవరూ పట్టించుకోరు.

మా ఇద్దరికీ టీచింగ్ ప్రాక్టీసుకు ఒకే బడి పడింది. రామన్నపేట దాటాక ఉన్న ఊరు. పేరు చెప్పను, ఎందుకు చెప్పనో మీకే తెలుస్తుంది. హెడ్‌మిస్ట్రెస్ అమృతమ్మ మేడం మంచి మనిషి, సైన్సు కూడా ఆమే చెబుతారు. ఏడో తరగతి సైన్సు గ్లోరీకి అప్పగించారు.

ఒకరోజు గ్లోరీ బోర్డు మీద ఒక గుండ్రం గీసింది. దాని లోపల ఇంకో గుండ్రం గీసింది. పక్కన "ప్రతిశ్వాసిక" అని రాసింది. "మొక్కలో ప్రతిశ్వాసిక పరివృత్తి చెందినప్పుడు సమవాయం ఏర్పడుతుంది. సమవాయం లేనిచోట ప్రతిశ్వాసిక పరివృత్తి చెందదు" అని ఎంతో నమ్మకంగా చెప్పింది. వెనక బెంచీలో కూర్చున్న నేను నవ్వు ఆపుకోలేక చున్నీ నోట్లో కుక్కుకున్నాను. ఆ మాటలు ముందురోజు రాత్రి మేమిద్దరం అన్నం తింటూ కల్పించినవి. లోకంలో అలాంటిదేదీ లేదు. "అర్థమైందా" అని గ్లోరీ అడిగింది. "అర్థమైంది టీచర్" అని క్లాసు ఊగిపోయింది.

వెంటనే అసలు సంగతి చెప్పి, అందరం కలిసి నవ్వుకుని, తెలియకపోతే తెలియదనాలని వాళ్లకు చెప్పడం మా పథకం. కానీ ఆ రోజు మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఇచ్చే రోజు. అది మా లెసన్ ప్లాన్‌లో లేదు. గంట కొట్టారో లేదో పళ్లాలు గలగలమన్నాయి. గుడ్డు రోజు గంట మోగాక ఆ బడిలో ఎవరూ ఎవరి మాటా వినరు. గ్లోరీ "ఆగుండ్రి, ఆగుండ్రి" అంటుండగానే గది ఖాళీ అయింది.

మధ్యాహ్నం ఆ క్లాసు మాకు మళ్లీ లేదు; మరునాటి నుంచి మా కాలేజీకి వరసగా సెలవులు, బడి మాత్రం నడిచింది. మేం తిరిగి వచ్చేసరికి ప్రతిశ్వాసిక మా చెయ్యి దాటిపోయింది. కొత్త టీచరు ఏం చెప్పిందని అమృతమ్మ మేడం అడిగితే క్లాసంతా తప్పులేకుండా ఒప్పజెప్పింది. మేడం ఒక్క క్షణం ఆగి, అది చాలా ముఖ్యమైన పాయింటని, పరీక్షలో తప్పకుండా వస్తుందని చెప్పారట. తల్లిదండ్రుల మీటింగు దగ్గర పడిందని, బొమ్మలు బాగా వేసే పిల్లల చేత చార్టు కూడా వేయించారు. ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో ఒక గుండ్రం, నీలంతో లోపల ఇంకో గుండ్రం. భారతదేశం పటం పక్కన మేకు కొట్టి తగిలించారు. మీటింగుకు వచ్చిన ఆటో డ్రైవర్ మైసయ్య దాని ముందు చేతులు కట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. తమ కాలంలో ఇంత పెద్ద చదువు లేదని నాతో గౌరవంగా అన్నాడు.

గ్లోరీ భయపడింది. ఇప్పుడు నిజం చెబితే మేడం పరువు పోతుంది. మేడం కోపంతో కాలేజీకి ఒక మాట రాస్తే గ్లోరీ ఏడాది పోతుంది. చప్పుడు చేయకుండా ఉండమని నేను సలహా ఇచ్చాను. మన ప్రాక్టీసు అయిపోవచ్చింది, నాలుగు రోజులు పోతే పిల్లలే మరిచిపోతారు, పరిశోధనకు ఎల్లస్వామి దగ్గర ఇంకో ఫైలు తీసుకుందాం అన్నాను. గ్లోరీ మొదటిసారి నా మాట విన్నది. నాకు భలే గర్వమనిపించింది.

ఆ గర్వం మరునాడు మధ్యాహ్నం దాకా ఉంది. నల్లా దగ్గర టిఫిన్ బాక్సులు కడుక్కుంటుంటే మైసయ్య కూతురు జంగమ్మ వచ్చి నిలబడింది. తనకు నాయనమ్మ పేరు పెట్టారని రోజూ గునిసే పిల్ల. ఆ వేళ మాత్రం చుట్టూ ఎవరూ లేరని చూసుకుని అడిగింది.

"టీచర్, జర గా ప్రతిశ్వాసిక మల్లొక్కసారి చెప్తరా? అందరికి అర్థమైంది. నాకొక్కదానికే అయితలేదు."

గ్లోరీ నల్లా కట్టేసింది. ఆ పిల్ల తల వంచుకుని మిగతాది నెమ్మదిగా చెప్పింది. రాత్రి చాలాసార్లు చదివిందట. బాపును అడిగితే అంత పెద్ద చదువు తనకేం తెలుస్తుంది అన్నాడట. తనకు సైన్సు రాదని, అసలు చదువే రాదని తేల్చుకుంది. వచ్చే ఏడు బడి మానేసి మేనత్త దగ్గర మిషిను కుట్టడం నేర్చుకుంటానని ఇంట్లో చెప్పేసిందట.

"నేను మొద్దునా టీచర్?" అని అడిగింది.

నాకు సిగ్గేసింది. బడి మానేసే పిల్లల మీద నా పేరుతో స్పైరల్ బైండింగ్ చేసిన పుస్తకం రూములో ఉంది. కారణాలు పట్టికగా ఉన్నాయి. అందులో ఈ కారణం లేదు. గ్లోరీ ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి, రేపు క్లాసులో చెబుతానంది.

రేపంటే గుర్వయ్య సార్ మా పాఠాలు చూడడానికి వచ్చే రోజు. సార్ రికార్డు మీద సంతకం పెట్టి బస్సెక్కాక చెప్పుకోవే తల్లీ అని రాత్రంతా బతిమాలాను. గ్లోరీ గోడవైపు తిరిగి పడుకుని ఒకటే మాట అన్నది.

"సంతకం దాక ఆగితే, నేను గూడ ఎల్లస్వామి దగ్గర కొన్నట్టే గదనే."

మరునాడు సార్ వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. మేడం గుమ్మం దగ్గర కుర్చీ వేసుకున్నారు. సార్ కన్ను నేరుగా చార్టు మీద పడింది. ఇదేమిటని పిల్లలను అడిగారు. పరివృత్తి, సమవాయం అంటూ క్లాసంతా పాడింది. సార్ ఒక్క క్షణం ఆగారు. అచ్చం మేడం ఆగినట్టే. తర్వాత "శభాష్, దీని మీద మా కాలేజిల నేను స్పెషల్‌గ చెప్త" అన్నారు. రెండేళ్లుగా ఆయన పాఠాలు వింటున్నాను, ఆ స్పెషల్ పాఠం మాత్రం ఎప్పుడూ వినలేదు. మేడం మురిసిపోయారు. ఇంతకంటే మంచి అవకాశం ఏముంటుంది, నోరు మూసుకుంటే సంతకం పడ్డట్టే. నేను గ్లోరీకి కళ్లతో సైగ చేశాను.

గ్లోరీ వెళ్లి గోడ మీది చార్టు తీసింది. మడిచి బల్ల మీద పెట్టింది. పిల్లల వైపు తిరిగింది.

"ప్రతిశ్వాసిక అనేది ఏడ లేదు. నేనే పుట్టిచ్చిన. నేను చెప్పినదాంట్ల అర్థమే లేదు. అర్థం లేనిది అర్థం కాకపోతే మొద్దులు కారు, సక్కగ ఇన్నట్టు. ఇప్పుడు చెప్పుండ్రి, ఎవలెవలికి అర్థం కాలే?"

ముందుగా జంగమ్మ చెయ్యి లేచింది, సగం దాకా. ఆ వెనక ఒకడు, తనకొక్కడికే కాలేదనుకున్నానని గొణిగాడు. ఇంకో పిల్ల కూడా అదే మాట అన్నది. చార్టు వేసిన పిల్లలు కూడా చేతులెత్తారు. చూస్తుండగా అందరి చేతులూ పైకి లేచాయి. అందరూ ఎవరికి వారు తామొక్కరే మొద్దులమనుకుని ఇన్నాళ్లూ దిగులుపడ్డారు. జంగమ్మ వెనక్కి తిరిగి బెంచీ వెంట బెంచీ చూసింది. అన్ని చేతులు చూసేసరికి ఆ పిల్లకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది.

మేడం కేకలేస్తారనుకున్నాం. ఆమె చార్టు విప్పి, ఆకుపచ్చ గుండ్రాన్ని కాసేపు చూసుకుని, ఇంటికెళ్లి పాత పుస్తకాలన్నీ దింపి వెతికానని, కొత్త సిలబస్ కాబోలని భయపడ్డానని చెప్పి తనే నవ్వేశారు. గుర్వయ్య సార్ మాత్రం నవ్వలేదు. ఆ తర్వాత గ్లోరీ అసలు పాఠం మొదలుపెడితే జంగమ్మ మాటిమాటికీ ఆపి ప్రశ్నలడిగింది. పాఠం సగంలోనే గంట మోగింది. సార్ గ్లోరీ పాఠాల రికార్డు మూసి, సంతకం పెట్టకుండానే వెళ్లిపోయారు. సాయంత్రం మా బస్సులోనే ముందు సీట్లో కూర్చున్నారు. నల్లగొండ దాకా తల వెనక్కి తిప్పలేదు. గ్లోరీ కిటికీలోంచి చూస్తూ, ఈ సంగతి బాపుకు ఎలా చెప్పాలో అని మాత్రం అన్నది.

ఆ రాత్రే కూర్చుని తన పరిశోధన పూర్తి చేసింది. శనివారం అందరం ఫైళ్లు సార్ బల్ల మీద పెట్టాం. మధ్యాహ్నం క్లాసులో ఆయన ఒక్కొక్కటీ తిరిగిచ్చారు. నాది తీసి, కోస్గి ఆదిలాబాద్ పక్కకు ఎప్పుడు జరిగిందని అడిగి, మళ్లీ చేసి తెమ్మన్నారు. క్లాసంతా నవ్వింది. చివరికి గ్లోరీ ఫైలు చేతిలోకి తీసుకున్నారు.

"దీంట్ల ఒక పేజీ తక్కువున్నది. పిల్లలు ఏమన్నరో రాసినవు. మేడం ఏమన్నదో రాసినవు. గైడు ఏమన్నడో రాయలే."

భయంతోనే రాయలేదని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. సార్ తన పెన్ను మూత తీసి గ్లోరీకి ఇచ్చారు. క్లాసు ముందే నిలబడి, పుస్తకం భాషలో, ఆగి ఆగి చెప్పి రాయించారు.

"గైడుకు కూడా అర్థం కాలేదు. అందరికీ తెలిసినది తనకొక్కడికే తెలియదేమో అని సిగ్గుపడి శభాష్ అన్నాడు. రాసినవా అమ్మా?"

రాసింది. ఆయన పెన్ను వెనక్కి తీసుకుని, ముందు ఆ రోజు వదిలేసిన రికార్డు మీద, తర్వాత ఆ వాక్యం కిందే సంతకం పెట్టారు. గ్లోరీ ఫైలును గుండెకు ఆనించుకుని వచ్చి నా పక్కన కూర్చుంది.

తర్వాత ఆయన మామూలుగా పాఠం చెప్పారు. మూల్యాంకన విధానాలు. అలవాటుగా మధ్యలో ఆగి "అర్థమైందా" అన్నారు. నోళ్లన్నీ తెరుచుకుని, చప్పుడు రాకుండానే మూసుకున్నాయి. ఆయన మమ్మల్ని చూశారు. మేం ఒకరినొకరం చూసుకున్నాం. శనివారం కదా, మహబూబ్‌నగర్ బస్సు అందుకుని ఇంటికి పోదామని నేను బ్యాగు కూడా సర్దుకుని వచ్చాను. అయినా చెయ్యెత్తాను.

"అర్థం కాలే సార్."

సార్ బోర్డు మొత్తం తుడిచి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. ఆ రోజు నాకు బస్సు దొరకలేదు.