ఇస్త్రీ చేసిన పుస్తకం

"గుడ్డిపిల్లకు మేకల కథలెందుకే? నాలుగు కీర్తనలు రాసియ్యరాదు, గుడి ముంగట కూసోని పాడుకుంటది."

లింగస్వామి ఈ మాట అన్నప్పుడు మంజులత జొన్నరొట్టె చరుస్తోంది. రొట్టె చేతికింద పగిలింది. మళ్లీ ముద్ద చేసి చరిచింది. తొమ్మిదేళ్ల కూతురు గుడి ముందు కూచుని పాడుకోవాలట! కన్నతండ్రి, పైగా సర్కారు ఆఫీసులో గుమాస్తా, అంతమాట అనేసి రొట్టె మీద ఇంత కారం వేయించుకుని తిన్నాడు. గొంతుకు అడ్డం కూడా పడలేదు.

యాదలక్ష్మికి నాలుగో ఏట పోచమ్మ పోసింది, పెద్ద మశూచి. ప్రాణం దక్కింది, చూపు దక్కలేదు. పట్నంలో అంధుల బడి ఉందని ఎవరో చెబితే, పిల్లను అక్కడి హాస్టల్లో వేసేదాకా మంజులత మూడేళ్లు ఇంట్లో పోరింది. ఈ ఎండాకాలం సెలవులకు వచ్చిన పిల్ల మొదటిరోజే తల్లి దగ్గర మొర పెట్టుకుంది.

"మా బడిల చుక్కల పుస్తకాలల్ల అందరు మంచోళ్లే ఉంటరమ్మా. అబద్ధమాడరు, పెద్దలకు దండం పెడతరు. ఒక్కలన్న నవ్వరు."

పక్కింటి పిల్లలు బొమ్మల కథలు చదివి వినిపిస్తారు, కాదనలేం. కథ మంచి పట్టులో ఉండగా వాళ్లమ్మ పిలుస్తుంది. పుస్తకం మూసి ఉరుకుతారు. నవ్వొచ్చిన చోటికి మళ్లీ పోయి, తనంతట తాను ఇంకోసారి నవ్వుకోవాలంటే ఈ పిల్లకు దారేదీ? చూపు లేనంత మాత్రాన నవ్వు కూడా ఒకరు పెడితే తినాలా?

మంజులత పిల్ల దగ్గరే ఆ బ్రెయిలీ చుక్కలు నేర్చుకుంది. ఇనుప చట్రంలో దళసరి కాగితం బిగించి, వెనకవైపు నుంచి సూదితో పొడవాలి. కుడి నుంచి ఎడమకు పొడిచి, కాగితం తిప్పితే చుక్కలు వేలికి తగిలేలా పైకి లేస్తాయి. నిజాం కాలంలో ఉర్దూ బడిలో నాలుగు తరగతులు చదివిన చెయ్యి కనుక ఆ వరస ఆమెకు కొత్త కాలేదు. కథ తానే కట్టింది. మోత్కూరులో ఒక మేక బస్సెక్కుతుంది, టికెట్ అడిగితే కండక్టరు చేతిలోని టికెట్ల కట్టంతా నమిలేస్తుంది. మేక ఏ రంగుదో రాస్తే పిల్లకేం ఒరుగుతుంది? అందుకని వానకు తడిసిన మేక వాసన రాసింది, బస్సు రేకు మీద గిట్టల చప్పుడు రాసింది. బొమ్మ ఉండాల్సిన జాగాలో గొంగడి ముక్క కుట్టింది.

ఇదంతా ఎప్పుడు చేసిందంటారా? నీళ్లు మోసి, రొట్టెలు చేసి, అంట్లు తోమి, అత్త సోమమ్మ కాళ్లు పిసికి, ఆమె మధ్యాహ్నం కునుకు తీశాక. సూది చప్పుడుకు నిద్ర చెడుతోందని, కాగితానికి బొక్కలు పొడవడం కూడా ఒక పనేనా అని అత్త గదమాయిస్తే, ఎడ్ల కొట్టంలోకి పోయి కూచుంది. నలభై రోజులకు ముప్పై పేజీలయ్యాయి. అరచేయి కాయ కాచింది. మొదటి పది పేజీలు చదివి యాదలక్ష్మి పొట్ట పట్టుకుని నవ్వింది. మిగతాది సోమవారం బడికి పోయేనాడు ఇస్తానని తల్లి పుస్తకమంతా పెట్టెలో దాచింది.

గురువారం చూస్తే పెట్టెలో పుస్తకం లేదు.

సాయంత్రం లింగస్వామి మెడలో పూలదండతో, చంకలో పుస్తకంతో వచ్చాడు. జిల్లా నుంచి పెద్దసారు వచ్చాడట. గుడ్డి బిడ్డ కోసం గుమాస్తా ఇల్లు ఎంత పాటుపడుతోందో చూపిస్తే మెచ్చుకుని, పేజీలన్నీ తిప్పి చూసి, చాలా బాగుందన్నాడట. ఆ మాట చెబుతుంటే లింగస్వామి మొహం వెలిగిపోయింది.

"పెద్దసారుకు గరుకు కాగితాలు ఎట్ల ఇస్త? ఇస్త్రీ భిక్షంతోని నున్నగ చేపిచ్చిన. గా గొంగడి పేలిక గూడ పీకేసిన, గలీజుగుండె."

యాదలక్ష్మి పుస్తకం అందుకుని వేళ్లు ఆనించింది. ఒక పేజీ తిప్పింది, ఇంకొకటి తిప్పింది. అరచేత్తో కాగితమంతా తడిమింది.

"అమ్మా, దీంట్ల ఏం లేదు."

బొగ్గుల ఇస్త్రీపెట్టె కింద ముప్పై పేజీల చుక్కలూ అణిగిపోయాయి. చదవని సారు బాగుందన్నాడు, చదవలేని మొగుడు దండ వేయించుకున్నాడు. చదవగలిగిన ఒక్క పిల్లకు అట్ట మిగిలింది. అయ్యో అనాల్సింది పోయి, మళ్లీ పొడిస్తే పోయె, నీకింకేం పనుంది అన్నాడు లింగస్వామి. నీకింకేం పనుంది! మంజులత ఏడవలేదు. ఈ ఇంట్లో ఏడిస్తే పొయ్యి దగ్గరే ఏడవాలి, ఆ పొయ్యి దగ్గరికే ఆమె పోదలుచుకోలేదు.

"సోమారం దాక నాకు చేతులు ఖాళీ లేవు. రొట్టెలు మీరు చరుసుకుంటరో, అత్తమ్మ చరుస్తదో, మీ ఇష్టం."

చట్రం తీసుకుని ఈసారి కొట్టంలోకి పోలేదు. వీధి అరుగు మీద, అందరికీ కనబడేలా కూచుంది. సోమమ్మ శాపనార్థాలు పెట్టింది. లింగస్వామి మొదటిరోజు అరిచాడు, రెండోరోజు పిండి తడిపాడు. ముప్పై పేజీల కథ మళ్లీ పొడవడానికి నాలుగు రోజులు చాలవు. అందుకని మంజులత కొత్త కథ అందుకుంది, చిన్నది.

ఆదివారం పొద్దున యాదలక్ష్మి మొదటి పేజీ మీద వేలు నడిపి, వీధిలో పోయేవాళ్లు ఆగి చూసేంత గట్టిగా నవ్వింది. లింగస్వామి పిండిచేతులతోనే బయటికి వచ్చాడు. ఏం రాసినవని అడిగాడు. చదువుకోమని కాగితం అతని చేతికిచ్చింది మంజులత. మూడు భాషల్లో అర్జీలు రాసే మనిషి ఆ కాగితాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, ఎండకు పట్టి చూశాడు.

"ఇటు తే బాపూ, నేను చదువుత," అని యాదలక్ష్మి కాగితం లాక్కుని ఒళ్లో పెట్టుకుంది. "ఒక ఊర్ల ఒక గుమస్త ఉండె. ఆయనకు రెండు కండ్లు మంచిగ కనవడుతుండె. ఒకనాడు బిడ్డ పుస్తకం గరుకుగున్నదని ఇస్త్రీ చేపిచ్చె..."

లింగస్వామి పిండిచేతులు పంచెకు తుడుచుకున్నాడు. ఈ కథను బడికి గాని పంపుతావా ఏంటి అన్నాడు.

"హాస్టల్ల నలభై మంది పిల్లలున్నరు," అంది మంజులత, చట్రంలో కొత్త కాగితం బిగిస్తూ. "మీ పేరు గూడ రాసిన."